లేబుల్‌లో ఉన్నది ఉన్నట్టే ఎక్కించు బిడ్డా

బిడ్డా,

బాలబంద తీగ హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల్ని షీట్ల మీద అంటించి, లేబుల్ పెట్టి దాచే చోటు) రికార్డులన్నీ ఒకచోట చేరుస్తున్నావని తెలిసి చాలా సంతోషమేసింది. హనుమకొండలో ఉండి సముద్రపు ఇసుకలో పాకే తీగ మీద పనేంటని ఎవరన్నా అంటే పట్టించుకోకు.

ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకో. లేబుల్ మీద ఏముందో పొల్లు పోకుండా ఒక కాలమ్‌లో ఎక్కించు, దాన్నిబట్టి నీకు అర్థమైంది పక్క కాలమ్‌లో రాయి. రెండూ కలిపేస్తే, ఏది సేకరించినవాళ్ల మాటో ఏది నీ ఊహో రేపు నువ్వే చెప్పలేవు.

జిల్లాలనే తీసుకో. ఏటూరునాగారం అడవిలో ఎప్పుడో తీసిన మొక్కకు లేబుల్‌లో వరంగల్ జిల్లా అనే ఉంటుంది, ఇప్పుడది ములుగు. తీరంలోనూ అంతే, విజయనగరం జిల్లా ఏర్పడిందే 1979లో, అంతకుముందు షీట్లలో ఆ జిల్లా ఎక్కడ దొరుకుతుంది? ఇంకా పాతవాటిలో కాకినాడను కోకనాడ అని, బందరును మసులిపటం అని రాశారు. విశాఖపట్నానికి పాత పేరైన 'విజగపటం' అని ఉత్తగా ఉంటే ఊరో జిల్లానో తెలియదు, ఆ రోజుల్లో ఆ జిల్లా ఇప్పుడు ఒడిశాలో ఉన్న జయపురం కొండల దాకా ఉండేది. ఈ తీగ తీరం ఇసుకలో పెరిగేది కాబట్టి సముద్రం ఒడ్డు అనుకోవచ్చు, కానీ ఆ మాట నీ కాలమ్‌లోనే రాయి, ఎన్ని కిలోమీటర్లు అటూఇటూ కావచ్చో కూడా రాయి. మ్యాప్‌లో నగరం నడిబొడ్డున పాయింట్ పెట్టేసి చేతులు దులుపుకోకు.

షీట్లు అడిగేటప్పుడు ఈ తీగ శాస్త్రీయ నామం ఐపోమియా పెస్-కాప్రే ఉన్న ఫోల్డర్ ఒక్కటే కాదు, దాని పాత పేరు ఐపోమియా బైలోబా ఫోల్డర్ కూడా తీయించు, పాతవి ఆ పేరు కిందే ఉండిపోయి ఉండొచ్చు. పేరు సరిచేసి తర్వాతివాళ్లు అంటించిన చీటీలు కూడా, ఎవరు ఏ ఏడాది అంటించారో చూసి రాసుకో. సేకర్త, నంబరు, తేదీ మూడూ ఒకటే అయితే అవి డూప్లికేట్లు, నాలుగు హెర్బేరియాల్లో ఉన్నా సేకరణ ఒక్కటే. పూలు ఎండితే రంగు పోతుంది, అందుకే లేబుల్‌లో 'గులాబీ ఊదా' అని చిన్న ముక్క ఉన్నా వదలకు. మొగ్గ, కాయ ఉన్నాయేమో కూడా చూడు, పూత కాలం లెక్కకు అవే ఆధారం. ఒక తీరం నుంచి షీట్ లేదంటే అక్కడ తీగ లేదని మాత్రం రాయొద్దు, ఎవరూ వెళ్లి తీయకపోయి ఉండొచ్చు.

పాత షీట్లకు పురుగు పట్టకుండా మెర్క్యురిక్ క్లోరైడ్ పూసేవారు, అది విషం. గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకు, చేతులు కడుక్కోకుండా టిఫిన్ డబ్బా తెరవకు.

మొదటి యాభై వరుసలు అయ్యాక ఫైల్ పంపు, కూర్చుని చూస్తాను.

మీ సారు