జావాకు ఎల్‌ఈడీ లైట్లు: మేనల్లుడికి ఒక ఉత్తరం

బసవనగుడి, బెంగళూరు

చి. అల్లుడికి ఆశీస్సులు.

నీ పాత జావా 250 మోటారు సైకిలును మొత్తంగా 12 వోల్టులకు మార్చాలా, ఉన్న 6 వోల్టులకే ఎల్‌ఈడీ బల్బులు వెతుక్కోవాలా అని అడిగావు. రెండూ వద్దు. డైనమో (ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించేది), పాయింట్లు, కాయిల్ (ఈ రెండూ కలిసి నిప్పురవ్వ పుట్టించేవి), హారన్ మైసూరులో బిగించినట్టే 6 వోల్టుల మీద ఉండనీ. లైట్లకు మాత్రం విడిగా ఒక 12 వోల్టుల ప్యాకు పెట్టి, దాన్ని ఇంట్లో ప్లగ్గుకు తగిలించి చార్జ్ చేసుకో. బండి దానికి తిరిగి ఏమీ ఇవ్వదు. పెట్రోలు లాగే అది అయిపోయే సరుకని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఎందుకంటే ఆ డైనమో శక్తి 45 వాట్లు, అదీ ఇంజను బాగా తిరిగితేనే. హెడ్‌లైటుకు 35, టెయిల్‌కు 5 పోగా పాయింట్లు కలిసినప్పుడల్లా కాయిల్ లాగేది ఉండనే ఉంది. సిల్క్ బోర్డు సిగ్నల్లో నిలబడితే డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు, భారమంతా బ్యాటరీ మీద పడుతుంది. మర్నాడు కిక్కులు కొట్టీ కొట్టీ కాలు నొప్పెట్టేది అందుకే. లైట్లు పక్కకు తప్పుకుంటే ఇంజనుకు నిప్పురవ్వ కరువుండదు. 6ని 12 చేసే బూస్టర్ బోర్డు పెడితే సరిపోదా అంటావేమో. 15 వాట్ల లైటుకు అది 6 వోల్టుల వైపునుంచి 3 ఆంపియర్ల దాకా లాగుతుంది. మళ్ళీ మొదటికే వస్తావు.

ప్యాకు ఎంత కావాలో ముందు లెక్క కట్టు. హెడ్‌లైటు డిమ్ 12 వాట్లు, బ్రైట్ 18. టెయిల్ 1, నంబరు ప్లేటుకు అర, మీటరు బల్బుకు అర. బ్రేక్ లైటు 3 వాట్లే కానీ వెలిగేది కాసేపే. సగటున 15 వాట్లు అనుకో. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ 32700 సైజుది ఒక్కొక్కటి 3.2 వోల్టులు, 6 ఆంపియర్ అవర్లు (అంటే 6 ఆంపియర్లు గంటసేపు ఇవ్వగలది). నాలుగు సిరీస్‌లో కలిపితే 12.8 వోల్టులు, సుమారు 77 వాట్ అవర్లు. అయిదో వంతు వదిలేసి లెక్కేస్తే నాలుగు గంటల వెలుగు. తెల్లవారుజామున చీకట్లో బయల్దేరి నంది కొండకు వెళ్ళడానికి ఇది ధారాళంగా సరిపోతుంది.

బల్బు డబ్బా మీద రాసిన వాట్లను మాత్రం నమ్మకు. మల్టీమీటరును 10 ఆంపియర్ల మీద పెట్టి బల్బుకు సిరీస్‌లో కలిపి చూడు. 60 వాట్లని రాసినది 1.2 ఆంపియర్లే తీసుకుంటే అది 15 వాట్ల బల్బు. నీకు కావలసిందీ అదే కాబట్టి తిట్టుకోకుండా కొనుక్కో.

ల్యాప్‌టాప్ ప్యాకుల్లో ఉండే 18650 సెల్స్ తేలిక, చవక, ప్రతి షాపులోనూ దొరుకుతాయి. అయినా వద్దంటాను. మూడు కలిపితే నిండుగా 12.6 వోల్టులున్నది అయిపోయేసరికి 9కి పడుతుంది, లైటు మెల్లగా మసకబారుతుంది. ఎండలో బండి నిలిపినప్పుడు వేడికి ఓర్చుకోవడంలోనూ, షార్టయినప్పుడు అంటుకోకుండా ఉండడంలోనూ ఐరన్ ఫాస్ఫేట్ మేలు. యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీ కూడా పనిచేస్తుంది. కానీ రెండు కిలోల పైన బరువు, సగానికి మించి వాడితే త్వరగా చెడిపోతుంది.

ఎస్.పి. రోడ్డులో కొనేటప్పుడు సెల్‌ను తూకం వేయించు. అసలు 32700 సెల్ 140 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. 90 గ్రాములు తూగితే లోపల సరుకు లేదు. స్పాట్ వెల్డింగ్‌తో నికెల్ పట్టీ వేసినదే తీసుకో. సెల్ మీద నేరుగా సోల్డరింగ్ చేస్తే ఆ వేడికి లోపలి సీలు దెబ్బతింటుంది. బీఎంఎస్ బోర్డు (సెల్స్ మరీ నిండకుండా, మరీ ఖాళీ కాకుండా కరెంటు ఆపే కాపలా బోర్డు) అడిగేటప్పుడు 'ఐరన్ ఫాస్ఫేట్‌ది, నాలుగు సెల్స్‌ది, 10 ఆంపియర్లది' అని మూడు మాటలూ విడమరిచి చెప్పు. మామూలు లిథియం అయాన్ బోర్డు, చార్జరు 16.8 వోల్టుల దాకా ఎక్కిస్తాయి. నీ ప్యాకు ఆగవలసింది 14.6 దగ్గర. చార్జరు 14.6 వోల్టులు, 2 ఆంపియర్లది చాలు, మూడు గంటల పైచిలుకులో నిండుతుంది. కారు బ్యాటరీ చార్జరు దీనికి పెట్టకు. రాత్రంతా ప్లగ్గులో వదిలి పడుకోవద్దు. అపార్ట్‌మెంట్ మెట్ల కింద చార్జింగ్ అసలే వద్దు.

ఈ ప్యాకులో ఒక చిక్కుంది, దీన్ని తేలిగ్గా తీసుకోకు. దీని వోల్టేజి చివరిదాకా దాదాపు ఒకేలా ఉండి, ఒక్కసారిగా జారుతుంది. జారగానే బీఎంఎస్ కట్ చేస్తుంది. హెడ్‌లైటు మసకబారి హెచ్చరించదు, ఘాట్ మలుపులో ఉన్నా సరే టప్పున ఆరిపోతుంది. దానికి రెండు కాపలాలు పెట్టు. ఒకటి హ్యాండిల్ మీద చిన్న వోల్ట్ మీటరు: లైటు వెలుగుతుండగా 12.4 చూపిస్తే ఇంటి దారి పట్టు, 12 అయితే పక్కకు ఆపు. మధ్యలో 13 చూపించినంతసేపూ ఆ అంకె నీకేమీ చెప్పదు, గంటల లెక్క నీ బుర్రలోనే ఉండాలి. రెండోది, హెడ్‌లైటులోని చిన్న పార్కింగ్ బల్బును పాత 6 వోల్టుల వైపే వదిలెయ్యి. పెద్దది ఆరినా రోడ్డు పక్కకు చేరడానికి ఆ గుడ్డి వెలుగైనా మిగులుతుంది.

ఆ వోల్ట్ మీటరును స్విచ్ తర్వాతే కలుపు. నేరుగా ప్యాకుకు కలిపితే అది తినే 20 మిల్లీ ఆంపియర్లే రోజుకు దాదాపు అర ఆంపియర్ అవర్ అవుతుంది. పన్నెండు రోజుల్లో నిండు ప్యాకు ఖాళీ.

ఇక వైరింగ్. జావాలో తాళం స్విచ్‌లోనే ఇగ్నిషన్, లైట్లు కలిసి ఉంటాయి. అక్కడ పార్కింగ్ బల్బుది తప్ప లైట్లకు వెళ్ళే వైరును విప్పి, చివర స్లీవ్ వేసి కట్టెయ్యి. కొత్త లైట్లకు వేరే స్విచ్ పెట్టు. బ్రేక్ స్విచ్‌కు వచ్చే పాత ఫీడును కూడా తీసెయ్యాలి, దీన్ని చాలామంది మరచిపోతారు. అది మిగిలితే బ్రేకు నొక్కినప్పుడల్లా రెండు బ్యాటరీలు ఒకదానికొకటి కలుస్తాయి.

ప్యాకు ప్లస్ నుంచి జానెడు దూరం లోపలే 5 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు ఉండాలి. అన్నీ ఒకేసారి వెలిగినా రెండున్నర ఆంపియర్లు దాటవు, కాబట్టి 15 ఆంపియర్ల ఫ్యూజు వేసి చేతులు దులుపుకోవద్దు. ఫ్యూజు కాపాడేది వైరును, బల్బును కాదు. వైరు 1 చదరపు మిల్లీమీటరుది చాలు. ఎర్తింగ్‌కు ఫ్రేమును నమ్ముకోకు. పెయింటూ తుప్పూ పట్టిన చోట ఎల్‌ఈడీ మినుకుమినుకుమంటుంది. ప్రతి లైటుకూ మైనస్ వైరు ప్యాకు దాకా తిరిగి రావాలి. అయినా బల్బు ఒళ్ళు హోల్డరు ద్వారా ఫ్రేముకు తగులుతుంది కనుక, ముందుగా బండి బ్యాటరీలో ఏ వైపు ఫ్రేముకు కలిసిందో మీటరుతో చూసుకో.

ప్యాకును కదలకుండా ఫోమ్ చుట్టి సైడ్ బాక్సులో పెట్టు, సిలిండరు వేడికి దూరంగా. ఈ సింగిల్ సిలిండరు అదురుకు నికెల్ పట్టీలు తెగేది ప్యాకు వదులుగా ఉన్నప్పుడే. తీసి ఇంటికి తెచ్చుకునే వీలుగా ఎక్స్‌టీ60 కనెక్టర్ వెయ్యి, ప్యాకు వైపు రంధ్రాలున్న ముక్క ఉండాలి. బయటికి పొడుచుకొచ్చిన పిన్నులుంటే జేబులో తాళాలు తగిలినా షార్టవుతుంది.

హెడ్‌లైటు బల్బు ఎంచేటప్పుడు వెలుగు ఎంతని కాదు, చిప్పు ఎక్కడుందని చూడు. పాత బల్బు పక్కన పెట్టి పోల్చు. ఫిలమెంట్ ఉన్న చోటనే చిప్పు ఉండాలి, డిమ్ చిప్పు కింద చిన్న దొప్ప ఉండాలి. లేకపోతే వెలుగంతా ఎదుటివాళ్ళ కళ్ళలోకే. బిగించాక చదునైన చోట గోడకు 10 మీటర్ల దూరంలో నిలిపి, నువ్వు సీటు మీద కూర్చుని, హెడ్‌లైటు మధ్య ఎత్తుకు సుద్దతో గీత గీయించు. డిమ్ వెలుగు ఆ గీతకు ఒక పది, పదిహేను సెంటీమీటర్లు కిందనే ఆగాలి. వెనక ఫ్యాను ఉన్న బల్బులు వద్దు, వానకు, దుమ్ముకు మొదట పోయేది ఫ్యానే.

టెయిల్ లైటు ఎర్ర అద్దం వెనక తెల్ల ఎల్‌ఈడీ పెడితే గులాబీ రంగులో తేలిపోతుంది. ఎర్రదే పెట్టు. కానీ అదే బల్బు కింది కిటికీలోంచి నంబరు ప్లేటుకూ వెలుగిస్తుంది కదా, అప్పుడు ప్లేటు ఎర్రగా కనపడుతుంది. అందుకే పైన చెప్పిన ఆ అర వాటు తెల్లది వేరుగా.

ఇండికేటర్లు ఎలాగూ ఎవరో తర్వాత తగిలించినవే. వాటిని ఆర్పి వెలిగించే పాత ఫ్లాషర్ ఎల్‌ఈడీకి కొట్టుకోదు, 12 వోల్టుల ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ కొను. కొందరు పాత ఫ్లాషరే ఉంచి, దానికి భారం చూపించడానికి రెసిస్టర్ వేసి సర్దేస్తారు. 6.8 ఓమ్‌లది ఒక్కటే 20 వాట్ల పైన కాల్చేస్తుంది, నీ హెడ్‌లైటు కన్నా ఎక్కువ. ఎడమది వేస్తే నాలుగూ కొట్టుకుంటున్నాయంటే తప్పు మీటరు దగ్గరి సూచన బల్బుది. అది కుడి ఎడమల మధ్య కట్టి ఉంటుంది, దాని ద్వారా కాస్త కరెంటు అవతలికి పాకుతుంది. ఆ కాస్తకే ఎల్‌ఈడీ వెలుగుతుంది. రెండు 1ఎన్4007 డయోడ్లు తీసుకుని, గీత లేని చివరలు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు కలుపు. గీత ఉన్న చివరలు రెండూ కలిపి సూచన బల్బుకు, బల్బు రెండో కాలు మైనస్‌కు. అంతే.

జె.సి. రోడ్డుకు స్పేర్ల కోసం వెళ్ళేటప్పుడు పాత బల్బును హోల్డరుతో సహా జేబులో వేసుకుపో. బిగించిన రోజే ప్యాకు నిండా చార్జ్ చేసి, పార్కింగులో ఇంజను ఆపి హెడ్‌లైటు వేసి, గడియారం చూసుకుంటూ ఆరిపోయేదాకా వదిలెయ్యి. అంకెను తారీఖుతో సైడ్ బాక్సు మూత లోపల రాసిపెట్టు. ఏడాది తర్వాత మళ్ళీ అదే పరీక్ష చెయ్యి. మూడు గంటల కంటే తగ్గిందంటే కొత్త సెల్స్‌కు డబ్బు పక్కన పెట్టుకో.

ఇట్లు,
మీ మావయ్య