రక్తంలో కొలెస్ట్రాల్ బాగుంటే పెద్దపేగు క్యాన్సర్ రాదా?

పర్లాకిమిడి నుంచి అడిగారు: కొలెస్ట్రాల్ రిపోర్టు బాగుంటే పెద్దపేగు క్యాన్సర్ భయం లేనట్టేనా అని. కాదండి. కాలేయం కొలెస్ట్రాల్‌తో, కొవ్వు అరగడానికి తోడ్పడే పైత్యరస ఆమ్లాలు తయారుచేస్తుంది. వాటిలో 95 శాతం దాకా చిన్నపేగు చివర తిరిగి రక్తంలో కలుస్తాయి. మిగిలిన కాస్తే చిక్కు: పెద్దపేగులోని బాక్టీరియా వాటిలో ఒకటైన కోలిక్ ఆమ్లాన్ని డీఆక్సీకోలిక్ ఆమ్లంగా మారుస్తుంది, అది పేగు లోపొరనూ డీఎన్ఏనూ దెబ్బతీస్తుంది. కొవ్వు తిండి ఎక్కువైతే పైత్యరసమూ ఎక్కువే దిగుతుంది. చోడి (రాగి) అంబలి, ఆకుకూరల్లోని పీచు దాన్ని కొంత పట్టుకుని మలంతో పంపేస్తుంది.

ఇక క్యాన్సర్ గడ్డ కణాలు కొలెస్ట్రాల్‌ను సొంతంగా చేసుకుంటాయి, రక్తం నుంచీ లాక్కుంటాయి. అందుకే జబ్బున్నా అంకె తక్కువగా కనిపించవచ్చు. దీనికోసమని స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) మొదలుపెట్టకండి. గుండెకు రాసినది ఆపకండి. మలంలో రక్తం పడితే మొలలేనని నాటుమందుతో నెలలు గడపకుండా, బరంపురమో విశాఖో వెళ్లి కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) చేయించుకోండి.