మాటల ముచ్చట: ‘మస్తు’ తాగుబోతు మాటేనా?

ప్రశ్న: మా పాప ఐదో తరగతి. జాతర మీద వ్యాసంలో ‘మస్తు మజా వచ్చింది’ అని రాస్తే టీచరు ఎర్ర సిరాతో కొట్టేశారు. మా వారేమో అది ఇంగ్లీషు ‘మస్ట్’ నుంచి వచ్చిందంటారు. మా మామయ్య మాత్రం ఉర్దూలో తాగినవాణ్ణి అలా అంటారని పిల్లని ఆట పట్టిస్తున్నారు. ఎవరిది నిజం? (కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ మామయ్యగారిదే, కాకపోతే సగమే. ముందు మీ వారి సంగతి తేల్చేద్దాం. ‘రేపు మస్టుగా రావాలి’లోని మస్టు ఇంగ్లీషుది, ‘మస్తు మంది వచ్చిండ్రు’లోని మస్తుకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. మనది పారశీకపు ‘మస్త్’. అక్కడ దాని అర్థం మత్తులో ఉన్నవాడు, తాగి తూలేవాడు. టర్కీ వాళ్లు కూడా ఈ మాటనే తీసుకుని ‘మెస్త్’ అంటారు. గోల్కొండను 1518 నుంచి 1687 దాకా ఏలిన కుతుబ్ షాహీల దర్బారులో పారశీకం నడిచింది, తర్వాత నిజాముల కాలంలో ఉర్దూ వచ్చింది, ఈ రెండిటి నీడలో పెరిగిన తెలుగులో మస్త్ చివర ఓ ఉకారం తగిలించుకుని మస్తు అయి కూర్చుంది.

తాగినవాడు హుషారుగా ఉంటాడు కాబట్టి మత్తు కాస్తా హుషారైంది, హుషారిచ్చేదల్లా బాగున్నదైంది. హిందీ, మరాఠీ వాళ్లు ఎక్కువగా అక్కడే ఆగారు, పుణేలో వడాపావ్ తిని ‘మస్త్’ అంటే బాగుందని. తెలంగాణలో మాత్రం అది ఇంకో అడుగు వేసి లెక్కలోకీ దిగింది: మస్తు పైసలు, మస్తు దూరం, మస్తు పని. ఇందులో వింతేమీ లేదు, ‘పిచ్చ ఇష్టం’ అనేటప్పుడు మనం పిచ్చాసుపత్రిని తలుచుకుంటున్నామా?

ఇక మీ మామయ్యగారు చెప్పని మిగతా సగం. సంస్కృతంలో ‘మద్’ అనే ధాతువుంది, దానికి ‘త’ చేరితే ‘మత్త’ అవుతుంది, మన మత్తు, మదం, మద్యం అన్నీ ఆ ఇంటివే. ఇరాన్ వైపు భాషల్లో అదే ధాతువుకి అదే ‘త’ చేరితే ‘మస్త’ అయింది. అంటే మత్తు, మస్తు ఒకే తాత మనవలు. నమ్మకం కలగకపోతే వంటింట్లో బియ్యం బస్తా చూడండి. కట్టబడినదాన్ని సంస్కృతం ‘బద్ధం’ అంటే పారశీకం ‘బస్త’ అంది. ఆ మూటే మన బస్తా, పోలీసుల బందోబస్తులో ఉన్నదీ ఆ కట్టే. కాబట్టి మస్తు పరాయిది అని ముఖం చిట్లించుకునేవాళ్లు బస్తాను కూడా బయట పెట్టాల్సి ఉంటుంది.

ఏనుగు దగ్గర ఈ దాయాదులిద్దరూ మళ్లీ కలుస్తారు. మగ ఏనుగుకి ఏడాదిలో కొంతకాలం టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను విపరీతంగా పెరిగి, కంటికీ చెవికీ మధ్య ఉన్న గ్రంథి నుంచి చిక్కటి ద్రవం కారుతుంది, అప్పుడు దగ్గరికెళ్లడం మావటికి కూడా ప్రమాదమే. మన కవులు దాన్ని మదజలం అన్నారు, మలయాళంలో ఆ దశను మదప్పాడు అంటారు. ఇంగ్లీషు వాళ్లు ఉర్దూ నుంచి మస్త్ పట్టుకెళ్లి ‘మస్త్’ అనే రాసుకున్నారు, జంతుశాస్త్రం పుస్తకాల్లో ఇప్పటికీ అదే మాట.

టీచరు సంగతంటారా, ఉత్తరమో దరఖాస్తో అయితే ఆవిడ దిద్దింది సరే. జాతర మీద వ్యాసంలో పిల్ల తన ఇంటి మాట రాస్తే కొట్టెయ్యడం నాకైతే నచ్చలేదు. అసలు మజా కూడా పారశీకమే, దాన్నీ కొట్టేశారా?

ప్రశ్న: మేము ఖరగ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్స్‌లో ఉంటాం. మా తాతగారి పేరు మస్తాన్‌రావు అని చెబితే బెంగాలీ స్నేహితులు నవ్వుతారు, ఇక్కడ ‘మస్తాన్’ అంటే రౌడీ అట. ఇంతకీ తాతగారికి ఆ పేరెందుకు పెట్టారు? (ఖరగ్‌పూర్ పాఠకుడు)

జవాబు: నవ్వితే నవ్వనివ్వండి. సూఫీలకు మత్తంటే కల్లు మత్తు కాదు, దేవుడి ప్రేమలో ఒళ్లు మరిచిపోవడం. అలా లోకం పట్టనట్టు తిరిగే ఫకీరును మస్తాన్ అన్నారు. గుంటూరులో కాలే మస్తాన్ షా వలీ దర్గా ఉంది, నెల్లూరు దగ్గర కసుమూరులో మస్తాన్ వలీ దర్గా ఉంది, వాటికి హిందువులూ మొక్కుకుంటారు. పిల్లలు పుడితే మస్తానయ్య, మస్తానమ్మ, మస్తాన్‌రావు అని పెట్టుకుంటారు. మీ తాతగారి ఊరు ఆ చుట్టుపక్కలదైతే ఎవరో మొక్కుకునే ఉంటారు, పెద్దవాళ్లను అడిగి చూడండి. ఎవరినీ లెక్కచెయ్యకపోవడం అనే గుణం మాత్రం ఫకీరుకీ రౌడీకీ ఇద్దరికీ ఉంటుంది, బెంగాల్ వీధుల్లో ఆ పేరు రెండోవాడికి అంటుకుంది.

ప్రశ్న: దుబాయ్‌లో ఇరానీ హోటల్‌కెళ్తే పెరుగును ‘మాస్త్’ అన్నారు. పెరుగులో కూడా మత్తేనా సార్? (దుబాయ్ పాఠకుడు)

జవాబు: మధ్యాహ్నం పెరుగన్నం తిన్నాక వచ్చే నిద్ర చూస్తే అవుననే అనాలి! కానీ కాదు. అది దీర్ఘం ఉన్న మాస్త్, వేరే మాట. ఆయుర్వేదంలో పెరుగు మీది తేటను ‘మస్తు’ అంటారు, ఇరానీ పెరుగుకు చుట్టం అదీ. ఈసారి మాస్త్-ఓ-ఖియార్ అడగండి, మన కీరా పెరుగుపచ్చడికి దగ్గరగానే ఉంటుంది, పోపు మాత్రం వెయ్యరు.