డాక్టర్ సలహా: "థెరపిస్టు వ్యాయామాలకన్నా ప్రశ్నలే ఎక్కువ అడుగుతున్నారు, మార్చేయాలా?"

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. మా నాన్నగారికి 59 ఏళ్లు. కిరాణా కొట్టు నడిపేవారు. ఐదు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. విశాఖపట్నంలో వైద్యం చేయించాం. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు గానీ చేయి సరిగా రావడం లేదు. ఒడియా అమ్మాయి ఒకరు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, వారానికి రెండుసార్లు ఇంటికి వస్తున్నారు. వచ్చిన సమయంలో సగం "మీకు ఏ పని చేసుకోవాలని ఉంది, చేయగలనన్న నమ్మకం పదికి ఎంత" అని అడిగి పుస్తకంలో రాసుకుంటారు. ఇదేమిటంటే హెల్త్ కోచింగ్ అంటున్నారు. అంతకుముందు వచ్చిన ఫిజియోథెరపిస్టు గంటసేపు చేయీ కాలూ ఆడించేవారు. డబ్బులిచ్చి కబుర్లు చెప్పించుకోవడం ఎందుకు, వేరేవారిని పెట్టుకోమంటారా? చేయి కోసం మేమే తలుపు పైన గిలక కట్టి తాడుతో లాగిస్తున్నాం. భుజం నొప్పికి మెడికల్ షాపు మాత్రలు వాడుతున్నారు. బీపీ 130/80 వస్తోంది కాబట్టి రాత్రి వేసుకునే చిన్న తెల్ల మాత్ర నెల క్రితం ఆపేశాం. నాన్నకు కూడా ఆ మాత్ర ఇష్టం లేదు. ఈ మధ్య ఆయన పెద్దగా మాట్లాడటం లేదు, థెరపిస్టు అడిగినవాటికి మేమే జవాబు చెబుతున్నాం. (ఒక పాఠకుడు)

సమాధానం: థెరపిస్టును మార్చాలా వద్దా అన్నది మీ ప్రశ్న. దానికి తప్పకుండా వస్తాను. అయితే ఉత్తరం చివర మాటవరసకు చెప్పినట్టు రాసిన రెండు వాక్యాలు నన్ను ఎక్కువ కలవరపెట్టాయి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

చిన్న తెల్ల మాత్ర ఆపేశామన్నారు. చిన్న తెల్ల మాత్రలు నా బల్లమీదే డజను రకాలున్నాయి. అది బీపీ మాత్ర కావచ్చు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్ కావచ్చు, కొలెస్ట్రాల్‌కు రాత్రిపూట వేసుకోమనే మాత్ర కావచ్చు. పక్షవాతం వచ్చిన మనిషికి ఈ మూడింటిలో ఏది ఆగినా ప్రమాదమే. బీపీ 130/80 వస్తోందంటే జబ్బు తగ్గిపోయిందని కాదు, మాత్ర పనిచేస్తోందని. మాత్ర మానేశాక బీపీ మెల్లగా పెరుగుతుంది. పెరిగినప్పుడు తలనొప్పి గానీ కళ్లు తిరగడం గానీ ఉండాలన్న నియమమేమీ లేదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒకసారి పక్షవాతం వచ్చినవారికి రెండోసారి వచ్చే అవకాశం మిగతావారికన్నా చాలా ఎక్కువ, రెండోసారి వచ్చినది మొదటిసారికన్నా మనిషిని ఎక్కువ దెబ్బతీయడం మేం తరచు చూస్తుంటాం. దయచేసి ఈ రోజే మందుచీటీ తీసి అది ఏ మాత్రో చూడండి, రాసిన డాక్టరు గారికి ఫోన్ చేసి ఆపిన సంగతి చెప్పండి. ఆయన దొరక్కపోతే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో బీపీ చూపించి, మళ్లీ ఎలా మొదలుపెట్టాలో అడగండి. కొన్ని రకాల మందులు మధ్యలో ఆపి సొంతంగా మొదలుపెట్టడం కూడా మంచిది కాదు, అందుకే పేరు తెలియకుండా ఇక్కడి నుంచి "వేసేయండి" అని నేను రాయలేను. ఖర్చు భారమై ఆపి ఉంటే, ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిరామయ పథకం కింద మందులు ఉచితంగా ఇస్తారు, అక్కడ అడిగి చూడండి.

రెండోది మెడికల్ షాపు మాత్ర. ఈ విషయం నేను ఎన్నిసార్లు రాసినా విసుగు రాదు, ఎందుకంటే నా ఓపీలో దీని ఫలితాలు చూడని వారం ఉండదు. షాపతను స్ట్రిప్ కత్తిరించి నాలుగు మాత్రలు కాగితంలో వేసి ఇస్తాడు, కత్తిరించిన ముక్క మీద పేరు సగం కూడా మిగలదు. నొప్పి తగ్గుతుంది, మళ్లీ నాలుగు తెస్తారు. ఇలా ఇచ్చే వాటిలో ఎక్కువగా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ తరహా మందులుంటాయి. ఇవి ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలిపి బీపీని పెంచుతాయి, బీపీ మందుల పనిని తగ్గిస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీయగలవు, ఆస్పిరిన్ వాడేవారిలో కడుపులో రక్తస్రావానికి దారితీయగలవు. గుండెపోటు, పక్షవాతం ముప్పును పెంచుతాయన్న హెచ్చరిక కూడా వీటికి ఉంది. కొన్నిచోట్ల నొప్పి మాత్రలతో పాటు స్టెరాయిడ్ కూడా కలిపి ఇస్తుంటారు. దానితో నొప్పి మంత్రం వేసినట్టు పోతుంది, వెనకనే షుగరు పెరుగుతుంది. అంటే ఒకవైపు బీపీ మాత్ర ఆపారు, మరోవైపు బీపీని పెంచే మాత్ర వేస్తున్నారు. మీ ఉద్దేశం మంచిదేనని నాకు తెలుసు, కానీ విశాఖ దాకా తీసుకెళ్లి అంత ఖర్చుపెట్టి బతికించుకున్న మనిషి విషయంలో ఇంత పెద్ద నిర్ణయాన్ని షాపు కౌంటర్ దగ్గర ఎలా తీసుకున్నారో నాకు అర్థం కాలేదు. పారాసిటమాల్ లాంటివి సాధారణంగా కాస్త నయం, అదైనా ఎంత, ఎన్నాళ్లు అన్నది ఆయన కాలేయం, మిగతా మందులు చూసిన డాక్టరే చెప్పాలి.

ఆ భుజం నొప్పికి కారణం మీ గిలకే అయి ఉండవచ్చు. పక్షవాతంలో భుజం చుట్టూ ఉన్న కండరాలు పట్టు వదిలేయడం వల్ల చేయి బరువుకే కీలు కొద్దిగా కిందికి జారుతుంది. ఆ స్థితిలో తాడుతో చేతిని తలపైకి లాగితే లోపలి మెత్తటి కణజాలం ఎముకల మధ్య నలుగుతుంది. అందుకే ఇలాంటి రోగులకు తలపై గిలక వాడవద్దని పునరావాస వైద్యులు చెబుతారు. గిలక ఇవాళే విప్పేయండి. ఆయన్ని లేపేటప్పుడు చంకలో చేయి వేసి గానీ, ఆ చేయి పట్టుకుని గానీ లాగకండి. కూర్చున్నప్పుడు చేయి వేలాడకుండా ఒళ్లో దిండు పెట్టి దానిమీద ఆనించండి. అరచేయి, వేళ్లు వాచి, ముట్టుకుంటే ఓర్చుకోలేనంత నొప్పి ఉంటే ఆలస్యం చేయకుండా చూపించండి. స్పర్శ తగ్గిన చేతికి వేడి కాపడం, పసరు కట్లు వద్దు. కాలినా ఆయనకు తెలియదు.

ఇక మీ థెరపిస్టు సంగతి. నేను ఆమె పని కళ్లారా చూడలేదు కాబట్టి మీరు రాసినంత మేరకే చెబుతున్నాను: ఆమె చేస్తున్నది కబుర్లు కాదు, మార్చవలసిన అవసరమూ నాకు కనిపించడం లేదు. ఫిజియోథెరపిస్టు ప్రధానంగా కదలిక, బలం, నడక మీద పనిచేస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు ఆ కదలికతో మనిషి స్నానం, బట్టలు, తిండి, వృత్తి వంటి రోజువారీ పనులు మళ్లీ ఎలా చేసుకోవాలన్నది చూస్తారు. ఏ పనితో మొదలుపెట్టాలో రోగి చెప్పకపోతే ఆమెకు ఎలా తెలుస్తుంది? పదికి ఎంత అని అడగడం ఆమె సొంతంగా కనిపెట్టింది కాదు. కెనడాలో రూపొందిన ఒక కొలత పద్ధతి ఈ రంగంలో చాలా దేశాల్లో వాడుకలో ఉంది. రోగి తనకు ముఖ్యమనుకున్న ఐదు పనుల దాకా ఎంచుకుని, ఒక్కొక్కటి ఎంత బాగా చేయగలుగుతున్నాడో, అందులో తనకు ఎంత తృప్తి ఉందో పదికి మార్కులు వేస్తాడు, కొన్ని వారాల తరువాత మళ్లీ వేస్తాడు. నమ్మకం ఎంత అని అడగడం వెనక ఉన్నది ఇంకొక పద్ధతి. తాగుడు మానలేనివారితో మాట్లాడే తీరుగా అమెరికా మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో దాన్ని ప్రతిపాదించారు, తరువాత బీపీ, షుగరు, పొగాకు వంటి అలవాట్లతో ముడిపడిన జబ్బులన్నింటికీ అది విస్తరించింది. మీ నాన్నగారు "నాలుగు" అంటే, "అంత తక్కువా" అని ఆమె అనరు. "రెండు అనకుండా నాలుగు ఎందుకన్నారు" అని అడుగుతారు. అప్పుడు తనకు ఏమి చేతనవుతోందో ఆయన నోటితో ఆయనే చెప్పుకోవలసి వస్తుంది. మనం పదిసార్లు చెప్పినదానికన్నా తాను ఒకసారి చెప్పుకున్నది మనిషి ఎక్కువగా పాటిస్తాడు. ఈ ఓపిక మా డాక్టర్లలో చాలామందికి ఉండదని కూడా ఒప్పుకోవాలి. అయిదు నిమిషాల్లో "ఉప్పు తగ్గించండి, నడవండి" అని పంపించేస్తాం.

ఆయన కిరాణా వ్యాపారి కాబట్టి అదే ఉదాహరణ తీసుకుంటాను. ఏమి చేయాలని ఉందని అడిగితే ఆయన "మళ్లీ పొట్లం కట్టాలి" అన్నారనుకోండి. పావుకిలో కందిపప్పు కాగితంలో పోసి, అంచులు మడిచి, పురికొస చుట్టి ముడి వేయడానికి రెండు చేతులూ కావాలి, కానీ రెండూ ఒకే పని చేయనక్కరలేదు. కుడిచేయి కాగితాన్ని బల్లకు అదిమిపట్టి ఉంచితే చాలు, మడత, ముడి ఎడమచేయి నేర్చుకుంటుంది. మొదటి వారం అదిమిపట్టడం మాత్రమే, రోజుకు ఇన్ని పొట్లాలని లెక్క పెట్టుకుని. అది కుదిరాక పురికొస కొసను కుడి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టించడం. మెదడు కొత్త దారి వేసుకోవడానికి కావలసింది ఇలా ఒకే పనిని మళ్లీమళ్లీ చేయడం, ఆ మళ్లీమళ్లీ అన్నది వారానికి రెండుసార్లు వచ్చే మనిషి వల్ల జరిగేది కాదు, మిగతా అయిదు రోజులు ఆయనే చేయాలి. ఎవరో మంచం మీద గంటసేపు చేయి ఆడించి వెళితే కీళ్లు బిగుసుకుపోకుండా ఉండటానికి అది పనికివస్తుంది గానీ, పని నేర్పదు. తనకు ఇష్టమైన పని దొరికితేనే మనిషి ఆ విసుగుపుట్టే సాధనకు కూర్చుంటాడు, ఆమె ప్రశ్నలు వెతుకుతున్నది దాన్నే.

నాన్నకు ఆ మాత్ర ఇష్టం లేదని రాశారు గానీ ఎందుకో రాయలేదు. బహుశా ఎవరూ అడిగి ఉండరు. కొన్ని బీపీ మందులు మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి. రాత్రి వేసుకున్న మాత్ర వల్ల అర్ధరాత్రి లేచి, చీకట్లో గడప దాటి, పెరట్లో ఉన్న మరుగుదొడ్డికి కర్రతో వెళ్లవలసి వస్తే, పడిపోతానన్న భయంతో మాత్రే మానేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే. కానీ కారణం ఇదే అయితే పరిష్కారం సులువు: వేళ మార్చవచ్చునేమో డాక్టరు చూస్తారు, మంచం పక్కన కమోడ్ కుర్చీ, గడప దగ్గర పట్టుకోవడానికి కమ్మీ, దారిలో దీపం ఏర్పాటును థెరపిస్టు చూస్తారు. ఇలా ప్రశ్నలతో దారి చూపే కోచింగ్ నైపుణ్యం ఆక్యుపేషనల్ థెరపిస్టు చేతిలో ఉండటం వల్ల లాభం ఇక్కడే, ఎందుకంటే అలవాటు ఎక్కడ తెగిపోతోందో ఇల్లు చూసిన మనిషికి తెలుస్తుంది. ఖైనీ నమిలే అలవాటు ఉంటే అదీ ఇలాగే తేలాలి. కొట్టులో దండలా వేలాడే సరుకు ఎదురుగా కూర్చున్న మనిషికి "మానేయండి" అన్న ఒక్క మాట చాలదు.

మీరు థెరపిస్టు ప్రశ్నలకు మీరే జవాబు చెప్పడం మాత్రం ఆపాలి. కుడివైపు పక్షవాతమంటే దెబ్బ తగిలింది ఎడమ మెదడుకు, ఎక్కువమందిలో మాట, భాష ఉండేది అక్కడే. ఆయన మౌనం మాట దొరకకపోవడం వల్ల కావచ్చు. పక్షవాతం తరువాత సుమారు ముగ్గురిలో ఒకరికి వచ్చే డిప్రెషన్ వల్ల కావచ్చు. రెండూ కలిసి ఉండవచ్చు. రెండింటికీ చికిత్స ఉంది, రెండూ వయసు వల్ల వచ్చిన నీరసం కావు. బతకాలని లేదన్న మాట ఆయన నోట వస్తే ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. పైగా థెరపిస్టు ఒడియా మనిషి. మన సరిహద్దు ఊళ్లలో బజారులో రెండు భాషలూ నడుస్తాయి గానీ, దిగులు చెప్పుకోవడానికి బజారు భాష చాలదు. ఆమె అడిగిన ప్రశ్నను మీరు తెలుగులో అలాగే చెప్పండి, తరువాత ఓ నిమిషం ఏమీ మాట్లాడకుండా ఆగండి. అంకె చెప్పడం కష్టమైతే పది రూపాయి బిళ్లలు ముందు పెట్టి, ఎన్ని తీస్తారో చూడవచ్చు.

కోచింగ్‌కు హద్దులున్నాయి. నరానికి అది బలం తీసుకురాదు. మందుల మోతాదు మార్చే అధికారం ఆమెకు లేదు, మార్చమని ఆమె చెబితే ఒప్పుకోకండి. మొదటి కొన్ని వారాలు ప్రశ్నలకు ఎక్కువ సమయం పోవడం సహజం. నెల దాటినా ఏ పని లక్ష్యమో, రోజూ ఎన్నిసార్లు సాధన చేయాలో, మార్కులు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చాయో ఆ పుస్తకంలోంచి చూపించలేకపోతే అప్పుడు ప్రశ్నించండి. ఆమె ఎక్కడ చదివారో అడగడంలో తప్పు లేదు. ఒడిశాలో కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లోని జాతీయ పునరావాస సంస్థలో ఈ డిగ్రీ చెబుతారు, ఇతర చోట్లా ఉంది. చేయి ఆడించే ఫిజియోథెరపీ కూడా కావాలనిపిస్తే రెండూ కలిపి సాగించవచ్చు, ఒకదానికోసం మరొకటి మానక్కరలేదు.

మూతి వంకరపోవడం, చేయి లేదా కాలు కొత్తగా పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే తెల్లారేదాకా చూడకుండా 108కి ఫోన్ చేయండి. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, అదీ సీటీ స్కాన్ తరువాతే. గుణుపురం నుంచి బరంపురం గానీ విశాఖ గానీ చేరడానికే అందులో చాలా భాగం గడిచిపోతుంది కాబట్టి, మీకు దగ్గర్లో స్కాన్, ఈ ఇంజెక్షన్ రెండూ ఉన్న ఆసుపత్రి ఏదో ఇప్పుడే విచారించి నంబరు గోడమీద రాసి పెట్టుకోండి. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, షాపువి కూడా, స్ట్రిప్పులతో సహా సంచిలో వేసుకెళ్లండి, వారం రోజుల బీపీ రీడింగులు పొద్దున, సాయంత్రం రాసి తీసుకెళ్లండి, షుగరు, కొలెస్ట్రాల్, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు అవసరమేమో అడగండి. పరీక్షించకుండా ఉత్తరం చూసి రాసిన సలహా ఇది, మీ డాక్టరు గారు వేరేగా చెబితే వారి మాటే వినండి.