సంక్రాంతి పనులు నవంబరులోనే మొదలుపెట్టు

చిట్టీ,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్న దగ్గర్నుంచి మనసు నీ మీదే ఉంది. మీ అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది, పొయ్యి దగ్గర నిలబడలేరు. ఆడపడుచుకి పెళ్ళయ్యాక ఇదే మొదటి సంక్రాంతి, కొత్త అల్లుడితో పాటు వియ్యాలవారూ వస్తున్నారు. నువ్వేమో హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ కోనసీమలోని అత్తవారింట్లో పండగ నడపాలి. "తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది పెద్దమ్మా" అన్నావు. ఉండదా మరి! అయినా ఇప్పుడు నవంబరు మొదటి వారమే, చేతిలో రెండు నెలలు ఉన్నాయి. అందుకే ఫోన్లో చెబితే మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను.

పని చూసి నువ్వు భయపడక్కర్లేదు, పని మనకి అలవాటే. పండగ పూట ఇల్లాలిని నలిపేసేవి అప్పటికప్పుడు తేల్చాల్సిన విషయాలు. బాణలిలో నూనె కాగుతుంటుంది, ఒకరొచ్చి పెద్దలకి ఏ బట్టలు పెడుతున్నామని అడుగుతారు, ఇంకొకరు వియ్యపురాలికి చీర తెచ్చారా అంటారు, ఇంతలో గుమ్మంలో హరిదాసు వస్తే ఇంట్లో చిల్లర ఉండదు. వీటిలో ఒక్కటీ ఆ రోజు తేల్చాల్సింది కాదు. ఇప్పుడు తేల్చి ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటే పండగ నాడు నీకు చేతిపనే మిగులుతుంది.

ముందు టికెట్ల సంగతి. రైలు రిజర్వేషన్ ఇదివరకు 120 రోజుల ముందు తెరిచేవాళ్ళు, 2024 నవంబరు నుంచి 60 రోజులకి తగ్గించారు. జనవరి 12 రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో బయల్దేరాలంటే నవంబరు 13 పొద్దున్న ఎనిమిదింటికి బుకింగ్ మొదలవుతుంది. ఎనిమిదీ పదికి ఫోన్ తెరిస్తే వెయిటింగ్ లిస్టే. ముందురోజే లాగిన్ చూసుకుని, అందరి పేర్లూ వయసులూ ఎక్కించి ఉంచుకో. తిరుగు టికెట్‌ని కూడా అలాగే పట్టుకో, 17కి కావాలంటే నవంబరు 18న. వెళ్ళడానికి ఎలాగో తంటాలు పడి వెళ్ళి, రావడానికి దారిలేక పండగ మూడు రోజులూ ఫోన్ పట్టుకుని కూర్చునేవాళ్ళని చూస్తూనే ఉంటాం. తత్కాల్ ఉందిగా అనుకోవద్దు, సంక్రాంతికి తత్కాల్ అంటే లాటరీయే. కారులో వెళ్దామని మా అల్లుడుగారు, అదే మీ ఆయన, అంటే మాత్రం 12 సాయంత్రం బయల్దేరనివ్వకు. ఊరంతా అప్పుడే బయల్దేరుతుంది, పంతంగి టోల్‌గేటు దగ్గరే గంటలు గడిచిపోతాయి. ఒక రోజు సెలవు ఎక్కువైనా సరే, 11 తెల్లవారుజామునే హైదరాబాదు దాటెయ్యండి. సెలవు చీటీ కూడా ఈ వారమే పెట్టు. మీ ఆఫీసులో సగం మంది మనవాళ్ళే అన్నావుగా, అందరూ ఆ తేదీలే అడుగుతారు.

రెండోది అన్నిటికంటే ముఖ్యం. ఈ ఆదివారం మీ అత్తగారికి తీరిగ్గా ఫోన్ చెయ్యి. "ఏం చెయ్యమంటారు అత్తయ్యా" అని ఒక్క ముక్క అడిగి ఊరుకోకు. అలా అడిగితే ఆవిడ "నీ ఇష్టమమ్మా" అంటారు, తీరా పండగ నాడు మనసు కష్టపెట్టుకుంటారు. విడివిడిగా అడుగు. ఆ ఇంట్లో సంక్రాంతి నాడు పెద్దలకి బట్టలు పెట్టేది పొద్దున్నా, మధ్యాహ్నమా? నైవేద్యంలో తప్పకుండా ఉండాల్సినవి ఏవి? గుమ్మడికాయ దానం ఎవరికి ఇస్తారు? భోగి పళ్ళు పోయాల్సిన పిల్లలు ఎంతమంది? బొమ్మల కొలువు పెడతారా? పాలేరుకీ, పనమ్మాయికీ ఏం పెడతారు? ఆవిడ చెబుతున్నంతసేపూ రాసుకో, మధ్యలో అడ్డురాకు. ఇన్నేళ్ళూ ఆ ఇంటి పండగ ఆవిడ చేతుల మీదుగా జరిగింది. ఇప్పుడు ఒకచోట కూర్చోవాల్సి వచ్చిందన్న దిగులు ఆ మనిషికి మోకాలి నొప్పికంటే ఎక్కువే ఉంటుంది. వంటింటి గుమ్మం దగ్గర ఎత్తైన కుర్చీ ఒకటి వేయించు, పాకం చూడాల్సింది, ఉప్పు చెప్పాల్సింది ఆవిడే అని అందరి ముందూ చెప్పు. దాంతో నీ బరువూ తగ్గుతుంది, ఆవిడ మనసూ కుదుటపడుతుంది.

ఇక పిండివంటలు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

అన్నీ ఇంట్లోనే చెయ్యాలని పట్టుబట్టకు. ఆ ఇంటి పద్ధతిని బట్టి అరిసెలు, జంతికలు, సున్నుండలు ఇంట్లో చేయించండి. పూతరేకులు ఆత్రేయపురం నుంచి తెప్పించుకుంటే ఎవరూ తప్పు పట్టరు, అక్కడివాళ్ళకంటే బాగా మనం చెయ్యలేం కూడా. కాజాలు తాపేశ్వరానివి. మీ ఊళ్ళో పిండివంటలు చేసిపెట్టే ఆవిడ ఎవరో మీ అత్తగారికి తెలిసే ఉంటుంది. డిసెంబరు మొదటివారంలోనే ఆవిడతో తేదీ మాట్లాడి కొంత అడ్వాన్సు ఇప్పించు. సంక్రాంతి వారంలో ఆవిడ కోసం ఊరంతా తిరుగుతుంది. జనవరి 4, 5 తేదీల్లో జంతికలు, సున్నుండలు, 7, 8 తేదీల్లో అరిసెలు అయిపోవాలి. అవన్నీ నిలవుండేవే. నువ్వు ఊరు చేరేసరికి డబ్బాల్లో ఉంటాయి. బూరెలు, గారెలు, పులిహోర మాత్రం ఏ పూటకి ఆ పూటే.

నువ్వు ఎదురుగా ఉండవు కాబట్టి అరిసెలకి ఏమేం అమర్చాలో తెలుసుకో. రెండు కిలోల కొత్త బియ్యం చాలు, కిలోకి ముప్పావు కిలో చొప్పున బెల్లం. బెల్లం కొనేటప్పుడు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడమను, ఉప్పుదనం తగిలితే వద్దు. బియ్యం ముందురోజే నానబోసి నీళ్ళు మారుస్తూ ఉండాలి. మర్నాడు వడగట్టి బట్ట మీద ఆరబోసి, ఇంకా చేతికి చెమ్మ తగులుతుండగానే మరకి పంపాలి. తడి బియ్యం ఏ రోజు, ఏ వేళకి ఆడతాడో మరవాడిని ముందే అడగండి. ఎండుమిర్చి ఆడిన మరలో తడిపిండి పట్టిస్తే ఆ ఘాటు వదలదు. పిండి గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, ఆరిపోకుండా తడిగుడ్డ కప్పి ఉంచాలి. పళ్ళెంలో నీళ్ళు పోసి, కాగుతున్న పాకం ఒక చుక్క అందులో వేసి వేలితో దగ్గరకి తీస్తే మెత్తని ఉండ కట్టాలి. ఆ క్షణమే పొయ్యి ఆపాలి. అక్కడ అర నిమిషం ఆలస్యమైతే అరిసె గట్టిపడుతుంది. అందుకే పాకం దగ్గర మీ అత్తగారి కన్ను ఉండాలన్నాను. ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఆపకుండా కలపాలి. దానికి బలమైన చెయ్యి కావాలి, మీ మరిదిని ఆ రోజు ఎక్కడికీ వెళ్ళొద్దని చెప్పు. నూనె పిండడానికి అరిసెల చెక్కలు ఇంట్లో ఉన్నాయో లేదో ఇప్పుడే అడుగు, లేకపోతే నావి పంపిస్తాను.

కొత్త అల్లుడి భోజనం గురించి ఒక మాట. ఏటా మన గోదావరి జిల్లాల్లో అల్లుడి ముందు వందల రకాలు పరిచి ఫొటోలు తీయించుకోవడం పేపర్లలో చూస్తున్నాం. నాకది నచ్చదు. తినేది నాలుగు ముద్దలు, మిగతాదంతా పారబోతే. ఆ అబ్బాయికి ఏం ఇష్టమో, ఏవి పడవో నీ ఆడపడుచుని అడుగు. వాళ్ళ నాన్నగారికి షుగరు ఉందేమో కూడా కనుక్కో. మనసుపెట్టి ఏడెనిమిది రకాలు వేడివేడిగా వడ్డిస్తే అంతకు మించిన మర్యాద లేదు. బట్టలకీ కానుకలకీ ఎంత పెట్టాలన్నది నువ్వూ అల్లుడుగారూ కూర్చుని ఇప్పుడే ఒక అంకె అనుకుని మామగారికి చెప్పండి. షాపులో నిలబడి తేల్చే లెక్క ఎప్పుడూ పెరగడమే కానీ తగ్గదు.

జాకెట్లు డిసెంబరు మొదటివారానికల్లా టైలరుకి ఇచ్చెయ్యండి, క్రిస్మస్ దాటితే ఎవరూ కొత్తవి తీసుకోరు. రెండో గ్యాస్ బండ నిండుగా ఉందో లేదో చూడమను. పరుపులు, దిండ్లు టెంట్‌హౌస్‌లో చెప్పి ఉంచాలి. పండగ మూడు రోజులూ పల్లెటూరి ఏటీఎంలని నమ్ముకోకు. హరిదాసుకీ గంగిరెద్దులవాళ్ళకీ పది, ఇరవై నోట్లు ఒక డబ్బాలో వేసి గుమ్మం పక్కనే పెట్టించు. రేగిపళ్ళు, పిడకలు, పేడ మీ మామగారికి అప్పజెప్పు. ఆయనకి ఊరంతా తెలుసు, అడిగితే సంతోషిస్తారు.

మూడు రోజులూ ఒకేలా ఉండవు. భోగి నాడు తెల్లవారకముందే మంట, తలంట్లు, సాయంత్రం పేరంటం. అంతమందికి ఒకే గీజరుతో అవ్వదు, పెరట్లో కాగు పెట్టించు. ఆ మధ్యాహ్నం వంట చారు, పప్పు, ఒక వేపుడుతో సరిపెట్టి గంటసేపు పడుకో. ఈ గంట నీ పుస్తకంలో కూడా రాసుకో, రాసుకోకపోతే ఎవరో ఒకరు దాన్ని లాగేసుకుంటారు. సంక్రాంతి నాడు పెద్దలకి పెట్టుకునేదాకా ఎవరూ తినరు కాబట్టి పిల్లలకీ, మాత్రలు వేసుకునేవాళ్ళకీ ఏదైనా విడిగా చూడాలి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. వెదురుతో ఎత్తుగా కట్టి, దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసుకొచ్చే గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువలో దిగి వస్తుంటే చూడటం వియ్యాలవారికి కొత్తగా ఉంటుంది, తప్పకుండా తీసుకెళ్ళండి. అయితే అంబాజీపేట చుట్టుపక్కల రోడ్లన్నీ నిండిపోతాయి. పదకొండున్నరకల్లా గారెలు, కోడికూర పెట్టేసి బయల్దేరదీస్తే మంచిది, తీర్థం నుంచి ఏ వేళకి తిరిగొస్తారో చెప్పలేం. కనుమ నాడు కాకైనా కదలదంటారు, ఆ రోజు ఎవరికీ తిరుగు ప్రయాణం పెట్టొద్దు.

కోడిపందేల మాట కూడా ముందే తేల్చండి. చట్టం ఒప్పుకోదు, డబ్బూ నిలవదు. కొత్త అల్లుడిని సరదాకని బరి దగ్గరికి తీసుకెళ్ళి, అతని జేబు ఖాళీ అయ్యాక ఇల్లంతా ముఖాలు ముడుచుకోవడం ఏ పండగకీ మంచిది కాదు. ఇది నువ్వు చెప్పకు, అల్లుడుగారి చేత తమ్ముడికి చెప్పించు.

ఇంకొక్కటి. ఆడపడుచుకి పెట్టే సారె, ఎవరెవరికి ఏ డబ్బా అన్నది కనుమ రాత్రికే సర్ది, మూత మీద పేరు రాసి ఉంచు. బయల్దేరే పూట డబ్బాలకి వెతుకులాట, "మా వాటా ఏది" అన్న మాటలు ఉండవు. ఖాళీ డబ్బాలు డిసెంబరులో కొనిపించు, అర కిలోవి ఎక్కువ, కిలోవి తక్కువ. జంతికల డబ్బా అడుగున కాగితం వేయించు, లేకపోతే నూనె దిగుతుంది.

మీ అత్తగారితో మాట్లాడాక ఏమన్నారో నాకు చెప్పు. చంటిదానికి ముద్దులు.

మీ పెద్దమ్మ