బ్యాకప్‌ని క్లయింట్ మీదే ఎన్‌క్రిప్ట్ చేయండి, కానీ ముందు మాస్టర్ కీ సంగతి తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: కోలొకేషన్‌లో (వేరేవాళ్ల డేటాసెంటర్‌లో) ముప్పై దాకా లినక్స్ సర్వర్లు, బాకులా అనే సాఫ్ట్‌వేర్‌తో బ్యాకప్, స్టోరేజ్ సర్వరూ టేపులూ డేటాసెంటర్ వాళ్ల చేతిలో. టీఎల్ఎస్ (నెట్‌వర్క్ మీద వెళ్లే డేటాని ఎన్‌క్రిప్ట్ చేసేది) పెట్టాం కదా, అది చాలదా, క్లయింట్ (బ్యాకప్ తీయాల్సిన సర్వర్) మీదే ఎన్‌క్రిప్ట్ చేస్తే సర్వర్లు నెమ్మదిస్తాయా అని అడిగారు.

చాలదండీ. టీఎల్ఎస్ కాపాడేది దారిలోనే, అవతల స్టోరేజ్ సర్వర్‌కి చేరగానే అది మామూలు డేటా. అక్కడి డిస్కులకి లక్స్ (లినక్స్‌లో డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసేది) వేసినా మెషీన్ నడుస్తున్నంతసేపూ తెరిచే ఉంటుంది, రూట్ (పూర్తి అధికారం) ఉన్నవాళ్లకి అన్నీ కనిపిస్తాయి (పాడైన డిస్క్ వారంటీకి పోయినప్పుడు మాత్రం లక్స్ భలే పనికొస్తుంది, ఉంటే తీసేయకండి). టేప్ డ్రైవుల్లో ఎల్టీఓ-4 (ఎల్టీఓ టేపుల్లో నాలుగో తరం) నుంచి ఏఈఎస్-256 ఎన్‌క్రిప్షన్ ఉంది గానీ ఆ కీ డ్రైవ్ నడిపేవాళ్ల దగ్గరే ఉంటుంది, మీకు బెంగంతా ఆ నడిపేవాళ్ల గురించే కదా.

నేను కొన్నేళ్లుగా బాకులా క్లయింట్ ఎన్‌క్రిప్షనే వాడుతున్నాను. ఫైల్ డీమన్ (క్లయింట్ మీద నడిచే బాకులా ప్రోగ్రామ్) కాన్ఫిగ్‌లో నాలుగు లైన్లు: పీకేఐ సిగ్నేచర్స్, పీకేఐ ఎన్‌క్రిప్షన్ రెండిటికీ యెస్, ఆ మెషీన్ కీపెయిర్ ఫైల్ (ప్రైవేట్ కీ, సర్టిఫికెట్ కలిసున్నది) ఎక్కడుందో ఒకటి, మాస్టర్ సర్టిఫికెట్ (అన్ని మెషీన్లకీ ఉమ్మడి మాస్టర్ కీలో పబ్లిక్ భాగం) ఎక్కడుందో ఇంకొకటి. లోపల జరిగేది ఏంటంటే, డేటాని ఒక సెషన్ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ సెషన్ కీని మెషీన్ పబ్లిక్ కీతో ఒకసారి, మాస్టర్ పబ్లిక్ కీతో ఇంకోసారి చుట్టి బ్యాకప్‌లోనే పెడుతుంది. పబ్లిక్ కీతో చుట్టింది దాని జత ప్రైవేట్ కీతోనే తెరుచుకుంటుంది, కాబట్టి ఆ రెండు ప్రైవేట్ కీల్లో ఏది ఉన్నా తెరవొచ్చు.

స్పీడ్ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. ప్రాసెసర్‌లో ఏఈఎస్‌ని వేగంగా చేసే ప్రత్యేక సూచనలుంటే (ఇంటెల్‌లో 2010 నుంచీ వస్తున్నాయి) బ్యాకప్ ఎక్కువగా డిస్క్ దగ్గరో నెట్‌వర్క్ దగ్గరో ముందు ఆగుతుంది. వర్చువల్ మెషీన్లలో మాత్రం ఒకసారి చూసుకోండి: పాత ప్రాక్స్‌మాక్స్‌లో (వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) సీపీయూ టైప్ డీఫాల్ట్‌గా కేవీఎం64 ఉండేది, అందులో ఏఈఎస్ ఫ్లాగ్ కనిపించదు, కింద ప్రాసెసర్ ఎంత కొత్తదైనా సరే. గెస్ట్‌లో (వర్చువల్ మెషీన్ లోపల) ప్రాక్ సీపీయూఇన్ఫో ఫైల్‌ని గ్రెప్‌తో వెతికి, ఏఈఎస్ అన్న మాట లేకపోతే, టైప్‌ని హోస్ట్‌కి మార్చండి.

అసలు దెబ్బ కంప్రెషన్ మీద. ఎన్‌క్రిప్ట్ అయిన డేటాని టేప్ డ్రైవ్ కుదించలేదు. ఎల్టీఓ-6 డబ్బా మీద 6.25 టీబీ (కుదిస్తే పట్టేది) అని రాసి ఉన్నా మీకు దక్కేది 2.5. అందుకని కంప్రెషన్‌ని ఫైల్‌సెట్‌లో (ఏ ఫైళ్లు బ్యాకప్ చేయాలో చెప్పే బాకులా సెట్టింగ్) పెట్టండి, అప్పుడు క్లయింట్ ముందు కుదించి తర్వాత ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. స్టోరేజ్ వైపు డీడూప్ (ఒకేలా ఉన్న డేటాని ఒక్కసారే దాచడం) ఉంటే దానిమీద ఆశ వదులుకోవాల్సిందే. డీడూప్ లేకుండా కుదరదంటే బోర్గ్, రెస్టిక్ అనే బ్యాకప్ టూల్స్ చూడండి, అవి ముక్కలు చేసి డూప్లికేట్లు తీసేశాకే ఎన్‌క్రిప్ట్ చేస్తాయి.

ఇంకోటి, చాలామంది గమనించరు: బాకులాలో ఫైల్ లోపలి డేటా మాత్రమే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. పేర్లు, సైజులు, పర్మిషన్లు కేటలాగ్‌లో (బాకులా డేటాబేస్) అలాగే ఉంటాయి. ఫైల్ పేరు కస్టమర్ పాన్ నంబర్ అయితే అది డైరెక్టర్ (బ్యాకప్‌లన్నిటినీ నడిపించే బాకులా ప్రోగ్రామ్) చూసేవాళ్లందరికీ కనిపిస్తుంది.

ఇక కీ. నాకు తెలిసిన ఒక కంపెనీలో ప్రతి సర్వర్ కీ ఆ సర్వర్ సెట్టింగ్‌లుండే ఈటీసీ డైరెక్టరీలోనే ఉండేది, ఆ డైరెక్టరీ కూడా బ్యాకప్‌లో ఎన్‌క్రిప్ట్ అయి పోయేది. తాళంచెవిని బీరువాలో పెట్టి తాళం వేసినట్టు. మాస్టర్ కీ పెట్టలేదు. రెయిడ్ (సర్వర్ డిస్కుల సమూహం) పోయిన రోజు టేపులన్నీ నిక్షేపంగా ఉన్నాయి, ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. ఆ తర్వాత మాస్టర్ కీ పెట్టుకున్నారు గానీ పాత బ్యాకప్‌లకి అది పనిచేయదు, ఎందుకంటే సెషన్ కీని చుట్టేది బ్యాకప్ తీసేటప్పుడే. కాబట్టి మీరు మొదటి ఫుల్ బ్యాకప్‌కి ముందే పెట్టండి, ఇప్పటికే ఎన్‌క్రిప్షన్ నడుస్తుంటే మాస్టర్ సర్టిఫికెట్ చేర్చిన రోజే కొత్త ఫుల్ తీయండి.

సర్వర్లలో మాస్టర్ సర్టిఫికెట్ ఒక్కటే ఉండాలి. ప్రైవేట్ కీని నెట్ లేని ల్యాప్‌టాప్‌లో తయారుచేసి, పాస్‌ఫ్రేజ్ పెట్టి, రెండు పెన్‌డ్రైవ్‌లలో వేసి ఒకటి ఆఫీసు సేఫ్‌లో, ఒకటి బ్యాంకు లాకర్‌లో పెట్టండి. పాస్‌ఫ్రేజ్ ఇద్దరికైనా తెలియాలి, ఒక్కడే తెలిసినవాడు నోటీస్ పీరియడ్‌లో ఉంటే మీ పని అంతే. మేనేజ్‌మెంట్ ఇదంతా ఎందుకంటే 2023 డేటా రక్షణ చట్టం చూపించండి, తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల దాకా జరిమానా ఉంది.

రీస్టోర్ టెస్ట్‌ని అదే సర్వర్ మీద చేసి మురిసిపోకండి, అక్కడ కీ ఎలాగూ ఉంటుంది. ఖాళీ మెషీన్ తీసుకుని, మాస్టర్ ప్రైవేట్ కీనీ (పాస్‌ఫ్రేజ్ విప్పిన కాపీ) సర్టిఫికెట్‌నీ ఒకే ఫైల్‌గా కలిపి, దాన్ని కీపెయిర్ లైన్‌లో ఇచ్చి, మాస్టర్ కీ లైన్‌ని కామెంట్ చేసి, డీమన్ రీస్టార్ట్ చేసి రీస్టోర్ కొట్టండి. ఫైళ్లు తెరుచుకున్నాక ఆ మెషీన్ డిస్క్‌ని తుడిచేయండి. ఎప్పుడైనా క్లయింట్ కీలు మారిస్తే పాతవి పారేయొద్దు, వాటితో తీసిన చివరి టేప్ రిటెన్షన్ (దాచి ఉంచాల్సిన గడువు) అయ్యేదాకా దాచండి.