హారికకు: జంప్ పెరగాలంటే ముందు ఏం మానాలి

చిరంజీవి హారికకు అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. పొద్దున మెరీనా ఇసుకలో పరుగు, మేడ మీద వెయ్యి స్కిప్పింగులు, కాళ్లకు బరువు సంచులు కట్టుకుని నాలుగంతస్తుల మెట్లు, సాయంత్రం కాలేజీలో రెండు గంటల వాలీబాల్. ఇంత చేస్తున్నా జంప్ పెరక్కపోగా తగ్గిందని, మోకాలి చిప్ప కింద పొడుస్తోందని రాశావు. తగ్గక ఏమవుతుందే! నువ్వు చేసేదంతా ఆయాసం తెప్పించే పని. ఎత్తుకు ఎగరడానికీ ఆయాసానికీ పెద్దగా చుట్టరికం లేదు. పరుగెత్తుకొచ్చి ఎగిరేటప్పుడు కాలు నేల మీద ఉండేది సెకనులో పావు వంతు, కాస్త అటూ ఇటూ. ఆ కాస్తలో నేలను ఎంత గట్టిగా తన్నగలవన్నదే లెక్క. అలిసిన కాలికి ఆ చురుకు రాదు. రోజుకు వెయ్యిసార్లు అలిసిపోయి ఎగిరితే ఒంటికి పట్టుబడేది అలిసిపోయిన ఎగురుడే.

మీ తమిళనాడు కుర్రాడు జెస్విన్ ఆల్డ్రిన్ 2023లో బళ్లారిలో 8.42 మీటర్లు దూకి లాంగ్ జంప్‌లో జాతీయ రికార్డు పెట్టాడు. ఆ పోటీలో ఎవరికైనా ఇచ్చేది మహా అయితే ఆరు దూకుళ్లు. ఒక్కో దానికీ మధ్య బోలెడు విరామం. నీ అభ్యాసం కూడా ఆ వైపుకు జరగాలి: తక్కువసార్లు, తాజాగా ఉన్నప్పుడు, ఉన్న బలమంతా పెట్టి.

ముందు మోకాలి సంగతి. చిప్ప కింది అంచున వేలితో నొక్కితే ఒకే చోట నొప్పి, మెట్లు దిగేటప్పుడు పొడుపు, వార్మప్ అయ్యాక తగ్గినట్టే తగ్గి మర్నాడు పొద్దున్నే తిరగబెట్టడం, ఇవన్నీ ఉంటే అది చిప్పను కింది ఎముకకు పట్టి ఉంచే స్నాయువు గోల. ఎగిరే ఆటల్లో తరచూ వచ్చేదే. అలాగని మంచమెక్కకు, పని లేకపోతే స్నాయువు ఇంకా నీరసపడుతుంది. రెండు వారాలు జంప్‌లు మానేసి గోడకుర్చీ వెయ్యి. 45 సెకన్ల చొప్పున 5 సార్లు, మధ్యలో 2 నిమిషాలు కూర్చో. నొప్పి పదికి 3 దాటకూడదు. మర్నాడు పొద్దున నిన్నటికన్నా ఎక్కువగా ఉంటే నిన్న చేసింది ఎక్కువైనట్టు, తగ్గించుకో. మోకాలు వాచినా, మడిస్తే ఇరుక్కుపోతున్నా, నిలబడితే జారిపోయినట్టున్నా నా ఉత్తరం పక్కన పెట్టి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లు.

ఆ రెండు వారాలయ్యాక, అభ్యాసం మొదలుపెట్టే ముందు ఎక్కడున్నావో కొలిచి పెట్టుకో. కొలత లేకపోతే రెండు నెలలయ్యాక పెరిగిందో లేదో వాదించుకోవడమే మిగులుతుంది. నొప్పి అణిగాక ఒక రోజు గోడ పక్కన నిలబడి, మడమ లేవకుండా చెయ్యి పైకి చాచి గుర్తు పెట్టు. నీకు 2.10 మీటర్లు అందుతుందన్నావు. ఇప్పుడు వేళ్లకు సుద్దపొడి రాసుకుని ఉన్నచోటనే ఎగిరి గోడను తాకు. మూడుసార్లలో ఏది పైన ఉంటే అది. రెంటికీ తేడా నీ జంప్. ఆడవాళ్ల నెట్ 2.24 మీటర్లు, 40 సెంటీమీటర్లు ఎగిరితే చెయ్యి నెట్ మీద 26 సెంటీమీటర్లు ఉంటుంది. బంతిని కొట్టేది వేళ్ల చివరతో కాదు కాబట్టి అందులో ఇంకొంత తీసెయ్.

గోడ లేకపోతే ఫోన్ చాలు. సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్‌లో పాదాలు తీయించు. నేల వదిలిన ఫ్రేము నుంచి తాకిన ఫ్రేము దాకా లెక్కపెట్టి 240తో భాగిస్తే గాలిలో ఉన్న సమయం. దాన్ని దానితోనే గుణించి 122.6తో హెచ్చవేస్తే సెంటీమీటర్లు వస్తాయి. 120 ఫ్రేములైతే 30 సెంటీమీటర్ల పైచిలుకు, 130 అయితే 36. అయితే దిగేటప్పుడు మోకాళ్లు ముడుచుకుంటే కాలు ఆలస్యంగా తాకి లెక్క దొంగలెక్క అవుతుంది. కాళ్లు చాపే దిగాలి, తాకాకే మడవాలి.

ఇలాగే అప్రోచ్‌తో, అంటే బంతి కొట్టే ముందు వేసే అడుగులతో, పరుగెత్తుకొచ్చి ఎగిరిన ఎత్తూ కొలువు. ఉన్నచోట ఎగిరినదానికన్నా అది మూడు నాలుగు సెంటీమీటర్లే ఎక్కువుంటే నీ లోపం కాళ్ల బలంలో లేదు, అడుగుల్లో ఉంది. ఆ మాట మళ్లీ ఎత్తుతాను.

నేర్చుకోవాల్సిన మొదటి పని ఎగరడం కాదు, దిగడం. 20 సెంటీమీటర్ల ఎత్తు పీట మీంచి ఒక అడుగు ముందుకేసి రెండు కాళ్ల మీద దిగి, 3 సెకన్లు కదలకుండా నిలబడు. 5 చొప్పున 3 సార్లు. మోకాళ్లు లోపలికి వాలి ఒకదానికొకటి దగ్గరవుతున్నాయేమో ఎదురుగా నిలబడి ఎవరినైనా చూడమను. ఆడపిల్లల్లో ఇది ఎక్కువ, మోకాలి నడిమధ్య ఉండే లిగమెంటు (ACL) తరచూ తెగేది ఈ భంగిమలోనే. మోకాలు రెండో కాలివేలి మీదుగా ఉండాలి, తుంటి వెనక్కి వెళ్లాలి, దబ్బున చప్పుడు రాకూడదు.

దాంతో పాటే బలం. వారానికి రెండు రోజులు జిమ్. మొదట్లో 10 కిలోల డంబెల్ ఛాతీకి ఆనించి పట్టుకుని బస్కీలు 8 చొప్పున 3 సార్లు. తొడ నేలకు సమాంతరంగా వచ్చేదాకా దిగాలి, మడమ లేవకూడదు. మూడు వారాలకు బార్‌బెల్‌కు మారి 5 చొప్పున 3 సార్లు. చివరి బస్కీ కూడా చురుగ్గా లేస్తే మరుసటి వారం 2.5 కిలోలు పెంచు. ఈడ్చుకుంటూ లేస్తే అదే బరువు మీద ఉండు. నడుము నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగి బరువు దించే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ 8 చొప్పున 3 సార్లు. అది తొడ వెనక కండరానికి. వాలీబాల్ పిల్లలు దాన్ని ఎప్పుడూ పట్టించుకోరు. పిక్కలకు మెట్టు అంచున నిలబడి మడమ పూర్తిగా కిందికి దించి లేవడం, 12 చొప్పున 3 సార్లు. అంతే. బరువులెత్తితే కాళ్లు దుంగల్లా అవుతాయని మీ అమ్మ అంటుంది, విని ఊరుకో.

జంప్‌లు మూడో వారం నుంచి. వారానికి రెండుసార్లు, మధ్య కనీసం 48 గంటలు. పది నిమిషాల వార్మప్: నెమ్మది పరుగు, కాళ్లు ముందుకూ వెనక్కీ ఊపడం, పెద్ద అడుగు ముందుకేసి మోకాళ్లు వంచుతూ నడక, మోకాళ్లు తుంటి దాకా లేపుతూ ఉన్నచోటే పరుగు, చివర వేగం పెంచుతూ మూడు చిన్న పరుగులు. ఒక్కో కండరాన్ని నిమిషం పైగా సాగదీసి పట్టుకునే స్ట్రెచింగ్ ముందు చేస్తే చురుకు తగ్గుతుంది, దాన్ని ఆఖరికి ఉంచు. తరవాత ఉన్నచోట జంప్ 5 చొప్పున 3 సార్లు, ముందుకు రెండు కాళ్లతో దూకి నిలబడడం 4 చొప్పున 3, మోకాలు పెద్దగా మడవకుండా చీలమండలతోనే టకటకా ఎగరడం 10 చొప్పున 3. మొత్తం 57 దిగుళ్లు. మొదట్లో 60 దాటకు, రెండు నెలలకు 100 దాకా వెళ్లొచ్చు. ప్రతి సెట్‌కూ మధ్య 2 నిమిషాలు. ఆ 2 నిమిషాలు ఊరికే కూర్చోవడం నీకు దొంగతనంలా అనిపిస్తుంది. అయినా కూర్చో. ఏదైనా సెట్‌లో ఎత్తు తగ్గిందనిపిస్తే ఆ రోజుకు చాలించు.

పీట మీంచి దిగి, దిగిన వెంటనే పైకి ఎగిరే డెప్త్ జంప్ అందరికీ మోజు. సోవియట్ కోచ్ వెర్ఖోషాన్‌స్కీ ఆటగాళ్లకు నేర్పిన పద్ధతి అది. మంచిదే, కానీ నీ బరువుకు సమానమైన బార్‌బెల్‌తో 5 బస్కీలు శుభ్రంగా తీశాకే దాని జోలికి వెళ్లు. 30 సెంటీమీటర్ల పీట, 4 చొప్పున 4 సార్లు, అంతకు మించి వద్దు. మడమ నేలకు కొట్టుకుంటున్నా, ఆగి ఎగురుతున్నట్టున్నా పీట ఎత్తు తగ్గించు. ఇక వీడియోల్లో ఛాతీ ఎత్తు పెట్టె మీదికి ఎక్కే వాళ్లు చూపించేది మోకాళ్లు ఎంత ముడుచుకోగలరో. దాంతో జంప్ పెరగదు, పెట్టె అంచుకు ముంగాలి చర్మం మాత్రం లేచిపోతుంది.

ఇప్పుడు అడుగుల దగ్గరికి రా. త్వరగా ఫలితమిచ్చేది ఇదే. నువ్వు కుడిచేతి వాటం కదా, నాలుగడుగుల అప్రోచ్‌లో వరస కుడి, ఎడమ, కుడి, ఎడమ. మొదటి రెండూ నింపాదిగా, చివరి రెండూ టక్‌టక్‌మని. నీ ఈడు పిల్లలు చాలామంది దీనికి తలకిందులు చేస్తారు. బంతి లేచీ లేవగానే పరుగెత్తి నెట్ దగ్గర బ్రేకు వేసి, ఆగి ఎగురుతారు. సంపాదించిన వేగమంతా అక్కడే పోతుంది. మూడో అడుగు, అంటే చివరి కుడికాలు, అన్నిటికన్నా పొడుగ్గా, మడమ ముందు ఆనేలా పడాలి. అప్పుడే తుంటి కిందికి దిగుతుంది, రెండు చేతులూ వెనక్కి బాగా వెళ్లి ఉంటాయి. ఎడమకాలు వెంటనే దానికి కాస్త ముందు, పాదం కొంచెం లోపలికి తిరిగి పడాలి. ఆ పాదమే ముందుకు పోయే వేగాన్ని పైకి మళ్లిస్తుంది. అది నెట్ వైపు తిన్నగా పడితే నువ్వు పైకి కాదు, నెట్‌లోకి వెళ్తావు. చేతులు వెనక నుంచి తొడల పక్కగా విసురుగా పైకి రావాలి. ఆ విసురుతోనే జంప్‌లో పదోవంతో, ఇంకా ఎక్కువో కలిసొస్తుంది. బంతి లేకుండా, ఖాళీ రోజులు తప్ప రోజూ 8 అప్రోచ్‌లు, అందులో 5 నెమ్మదిగా, 3 పూర్తి వేగంతో. నేల మీద సుద్దతో పాదాల గుర్తులు గీసుకో.

పరుగు సంగతి క్లుప్తంగా. 2009లో బెర్లిన్‌లో 9.58 సెకన్ల రికార్డు పెట్టిన ఉసేన్ బోల్ట్ కూడా అన్నిటికన్నా వేగంగా పరుగెత్తింది 60 నుంచి 80 మీటర్ల మధ్య. నీ కోర్టు మొత్తం 18 మీటర్లు. కాబట్టి నీకు కావాల్సింది మొదటి మూడు నాలుగు అడుగులు. 10 మీటర్లు 4 సార్లు, 20 మీటర్లు 3 సార్లు. 10 మీటర్లకు నిమిషం చొప్పున విశ్రాంతి. ఒళ్లంతా ముందుకు వాలి నేలను వెనక్కి తొయ్యి. అడుగు పెద్దది వెయ్యాలని పాదాన్ని తుంటికన్నా ముందు పడేస్తే అది బ్రేకే, తొడ వెనక కండరం పట్టేసేదీ అందుకే.

మెరీనా ఇసుక చెడ్డదేం కాదు. మెత్తటి ఇసుకలో పరుగుకు గట్టి నేల మీదకన్నా ఒకటిన్నర రెట్లకు మించి శక్తి ఖర్చవుతుంది, ఎందుకంటే నువ్వు తన్నిన బలం ఇసుకను జరపడానికే పోతుంది. దమ్ముకు మంచిది, చురుకుకు కాదు. మానలేకపోతే ఆదివారం చెప్పుల్లేకుండా అరగంట నడువు. మేడ మీద సిమెంటు గచ్చు మీద మాత్రం ఎగరకు, ముంగాలి ఎముక నొప్పి అక్కడే మొదలవుతుంది. కాలేజీ మట్టి కోర్టే మేలు. కాళ్లకు కట్టే బరువు సంచులు ఎవరికైనా ఇచ్చెయ్.

సోమ, బుధ, శుక్రవారాల్లో జట్టు అభ్యాసం అన్నావు. మంగళ, శనివారాల్లో పొద్దున పరుగులు, జంప్‌లు, ఆ రోజే సాయంత్రం జిమ్. గురువారం, ఆదివారం ఖాళీ, ఆదివారం ఆ ఇసుక నడక తప్ప ఏమీ వద్దు. జట్టు అభ్యాసంలో కొట్టే స్పైక్‌లూ, వేసే బ్లాక్‌లూ కూడా జంప్‌లేనని మర్చిపోకు. ఒక శుక్రవారం మీ కోచ్ ఎక్కువ ఎగిరిస్తే శనివారం జంప్‌లు సగం చెయ్యి. మ్యాచ్ వారంలో బరువు అలాగే ఉంచి, సెట్లు సగానికి తగ్గించు.

చెన్నైలో పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టి ఏడింటికి ముగించు. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ముందూ తరవాతా బరువు చూసుకో. కిలో తగ్గితే లీటరుంబావు నుంచి లీటరున్నర దాకా తాగాలి, ఉప్పేసిన మజ్జిగ శ్రేష్ఠం. కత్తిరి ఎండల్లో అన్నీ పావు వంతు తగ్గించు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు కోర్టు జారుడుగా ఉంటుంది, అప్పుడు జిమ్ మీద దృష్టి పెట్టు.

హాస్టల్ ఇడ్లీ సాంబారుతో కండ పట్టదు. నీ 58 కిలోలకు రోజుకు 90 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డుకు 6, పావు లీటరు పాలకు 8, 50 గ్రాముల వేరుశెనగలకు 12 వస్తాయి, మిగతాది పప్పు, పెరుగు, చికెన్‌తో నింపుకో. ఇంకో మాట, సిగ్గుపడకు. నెలసరి తప్పుతుంటే నువ్వు చేసే శ్రమకు తిండి చాలట్లేదన్న సూచన కావచ్చు, ఇంకా వేరే కారణాలూ ఉండొచ్చు. బరువు తగ్గిందని సంబరపడకుండా నాకు ఫోన్ చెయ్యి, డాక్టరుకు చూపిద్దాం.

నలభై రోజుల్లో పది అంగుళాలని అమ్మే వాళ్ల దగ్గర డబ్బు పోగొట్టుకోకు. మూడు నెలల్లో ఐదారు సెంటీమీటర్లు పెరిగితే నా దృష్టిలో చాలా బాగా చేసినట్టు.

ఈ ఆదివారం రెండు వీడియోలు పంపు. పీట మీంచి దిగడం ఎదురు నుంచి ఒకటి, అప్రోచ్ అడుగులు మాత్రం, ఎగరకుండా, పక్క నుంచి ఇంకోటి. ఫోన్ తుంటి ఎత్తులో, కదలకుండా ఉండాలి, పాదాలు ఫ్రేములోంచి తెగకూడదు.

ఆశీస్సులతో,
అత్తయ్య